డాబా మీద ఫోమ్: ఎండను ఎక్కడ ఆపాలి?

రాత్రి తొమ్మిది దాటింది. బయట గాలి చల్లబడింది, వీధిలో జనం కుర్చీలేసుకుని కూర్చున్నారు. పై అంతస్తు పడకగదిలో మాత్రం ఫ్యాను వేస్తే వేడిగాలి నెత్తిన కొడుతోంది. మంచమెక్కి సీలింగుకు అరచెయ్యి ఆనిస్తే జ్వరం వచ్చిన పిల్లాడి నుదురు తాకినట్టు ఉంటుంది. మధ్యాహ్నం డాబా మీద పడిన ఎండ ఇది. స్లాబు దాన్ని దాచుకుని, కొన్ని గంటలు ఆగి, ఇంట్లోవాళ్లు పడుకునే వేళకు లోపలికి దింపుతుంది. ఏప్రిల్ నుంచి మృగశిర కార్తె దాకా హైదరాబాద్‌లో పై అంతస్తులో కాపురముండే ప్రతి కుటుంబానికీ ఇది తెలిసిన బాధే. దీనికి మందుగా ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తున్న పేరు ఫోమ్. పఫ్ అనే స్ప్రే ఫోమ్ కొట్టించండి, ఎక్స్‌పీఎస్ అనే ఫోమ్ బోర్డులు వేయించండి, రేకుల కింద ఫాయిల్ షీటు పరిపించండి అని మేస్త్రీ దగ్గర్నుంచి ఏసీ మెకానిక్ దాకా అందరూ చెబుతున్నారు. వాళ్లు చెప్పేది తప్పు కాదు. కానీ అదే ఫోమ్ ఒక ఇంట్లో అద్భుతంగా పనిచేసి, పక్కింట్లో డబ్బు దండగ అవుతోంది. ఈ తేడా ఎక్కువగా కంపెనీ పేరు వల్ల రావడం లేదు. ఫోమ్‌ను ఎక్కడ వేశారు, దాని పైన ఏముంది, కింద ఏముంది, అతుకులు ఎలా మూశారు అనే విషయాల దగ్గరే వస్తోంది.

హైదరాబాద్ ఉన్నది 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. ఏటా మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదకు వస్తాడు. నిలబెట్టిన కర్రకు నీడ కనిపించదు. ఆ సమయంలో గోడల మీద ఎండ జారిపోతుంది, డాబా మీద మాత్రం నిండుగా పడుతుంది. ఒక్కో చదరపు మీటరు మీదా సుమారు వెయ్యి వాట్ల ఎండ. అది ఒక ఇస్త్రీపెట్టె లాగే కరెంటుతో సమానం. మే నెలలో గాలి ఉష్ణోగ్రత 41, 42 డిగ్రీలున్న రోజున నలుపెక్కిన సిమెంటు డాబా 60 డిగ్రీల దాకా కాగుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట ఊరికే పుట్టలేదు. అందుకే ఈ ఊళ్లో ఇంటికి వేడి ఎక్కడి నుంచి వస్తోందని అడిగితే, పై అంతస్తు వరకు మొదటి జవాబు కప్పే. గోడలు, కిటికీలు ఆ తర్వాతివి.

ఫోమ్ అనేది చల్లదనాన్ని పుట్టించదు. వేడి దారికి అడ్డంగా నిలుస్తుంది, అంతే. దాని ఒంటినిండా కంటికి ఆనని గదులుంటాయి, ప్రతి గదిలో గాలో, మరో వాయువో బందీగా ఉంటుంది. కదలని గాలి వేడిని చాలా నెమ్మదిగా మోస్తుంది. ఆ గాలిని కదలనివ్వకుండా పట్టి ఉంచడమే ఫోమ్ చేసే పని. దీనికొక కొలత ఉంది. ఒక మీటరు మందమున్న పదార్థానికి రెండు పక్కలా ఒక డిగ్రీ తేడా ఉంటే, ఒక చదరపు మీటరు గుండా ఎన్ని వాట్ల వేడి దాటుతుందన్నది లెక్క. ఆర్‌సీసీ కాంక్రీటుకు ఆ సంఖ్య సుమారు 1.58. ఎర్ర ఇటుకకు 0.8 దరిదాపుల్లో, లోపల గాలి బుడగలుండే తేలికపాటి ఏఏసీ సిమెంటు దిమ్మెలకు 0.18 దగ్గర. ఎక్స్‌పీఎస్ బోర్డుకు 0.03, స్ప్రే చేసే పఫ్‌కు 0.024 ప్రాంతంలో. ఇంకోలా చెప్పాలంటే, రెండంగుళాల ఎక్స్‌పీఎస్ ఆపే వేడిని కాంక్రీటుతోనే ఆపాలనుకుంటే రెండున్నర మీటర్లు దాటిన మందం పోయాలి. స్లాబు మందంగా వేయించాం కాబట్టి ఇల్లు చల్లగా ఉంటుందనుకోవడం ఎంత పెద్ద పొరపాటో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

లెక్కను ఒక గదికి దింపి చూస్తే ఇంకా స్పష్టంగా అర్థమవుతుంది. 12 అడుగులకు 12 అడుగుల పడకగది, అంటే 13.4 చదరపు మీటర్లు. పైన ఐదంగుళాల స్లాబు. డాబా పైభాగం 60 డిగ్రీలు, లోపలి గాలి 30 డిగ్రీలు అనుకుంటే, చదరపు మీటరుకు దాదాపు 120 వాట్ల వేడి కిందికి దిగుతుంది. గది మొత్తానికి 1,600 వాట్లు. ఒక టన్ను ఏసీ బయటికి తోడగలిగేది సుమారు 3,500 వాట్లు. అంటే ఒకటిన్నర టన్నుల ఏసీ శక్తిలో దాదాపు మూడో వంతు కప్పు నుంచి దిగే వేడిని తోడడానికే సరిపోతుంది. అదే స్లాబు మీద 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ ఉంటే చదరపు మీటరుకు 120 వాట్లు కాస్తా 16 వాట్లకు పడిపోతాయి, గది మొత్తానికి 210 వాట్లు. ఇది ఎండ నిలకడగా ఉందనుకుని వేసిన లెక్క. నిజంగా స్లాబు వేడిని కొంత దాచుకుంటుంది కాబట్టి గరిష్ఠం కాస్త తగ్గి, ఆలస్యంగా వస్తుంది. నిష్పత్తి మాత్రం పెద్దగా మారదు.

ఇదే లెక్కలో జేబుకు పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. ఫోమ్ లేనప్పుడు 120 వాట్లు. 25 మిల్లీమీటర్లు వేస్తే 28. 50 వేస్తే 16. 75 వేస్తే 11. మొదటి అంగుళం మూడు వంతుల వేడికి పైగా ఆపేస్తే, మూడో అంగుళం ఆపేది ఐదు వాట్లే. కాబట్టి మందం మీద అంతులేకుండా ఖర్చు పెట్టనక్కర్లేదు. మామూలు ఇంటికి 40 నుంచి 50 మిల్లీమీటర్లు చాలు. 2018లో కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే ఇళ్ల నిబంధనావళి, ఇంటి కప్పు గుండా డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు 1.2 వాట్లకు మించి దాటకూడదని చెప్పింది. ఏ పూతా లేని ఐదంగుళాల స్లాబుకు ఆ సంఖ్య మూడున్నర దాకా ఉంటుంది. అంగుళం ఫోమ్‌తోనే అది ఒకటి లోపలికి వచ్చేస్తుంది.

మూడు రకాలు, మూడు స్వభావాలు

బజారులో ఫోమ్ అంటే అన్నీ ఒకటే అన్నట్టు మాట్లాడతారు కానీ తేడా చాలా ఉంది. అందరికీ తెలిసిన థర్మాకోల్, అంటే ఈపీఎస్, పూసలు పూసలుగా అంటుకుని ఉంటుంది. చవక. ఆ పూసల మధ్య సందుల్లోకి నీళ్లు దిగుతాయి కాబట్టి డాబా మీదికి పనికిరాదు. తడిసిన ఫోమ్ సగం చచ్చినట్టే. బందీగా ఉండాల్సిన గాలి చోటును నీళ్లు ఆక్రమిస్తే వేడి హాయిగా దాటిపోతుంది. ఎక్స్‌పీఎస్ కూడా అదే పాలిస్టైరిన్‌తో చేసినదే, కానీ కరిగించి ఒత్తి తీసిన బోర్డు. లోపలి గదులన్నీ మూసుకుని ఉంటాయి, నీళ్లు పీల్చడం చాలా తక్కువ, పైన మనుషులు తిరిగినా అణగదు. సాధారణంగా నీలం, గులాబీ, ఆకుపచ్చ రంగుల్లో వస్తుంది. రంగుకూ నాణ్యతకూ సంబంధం లేదు.

మూడోది పఫ్, అంటే పాలీయురేథేన్. రెండు డ్రమ్ముల్లోంచి రెండు ద్రవాలు గొట్టాల గుండా వచ్చి, తుపాకీ లాంటి పరికరం మూతి దగ్గర కలిసి, స్లాబు మీద పడగానే పాలు పొంగినట్టు పొంగి, నిమిషంలో గట్టిపడతాయి. అతుకు అనేదే ఉండదు. పైపుల చుట్టూ, పిట్టగోడ మూలల్లో ఇంతకన్నా బాగా కుదిరేది లేదు. అందరూ దీన్ని మెచ్చుకునేది అందుకే. కానీ దీని నాణ్యత ఫ్యాక్టరీలో కాదు, డాబా మీద ఆ పూట తయారవుతుంది. రెండు ద్రవాల పాళ్లు తప్పితే ఫోమ్ మెత్తగా, జిగటగా మిగిలిపోయి నెలల తరబడి వాసన కొడుతుంది. స్లాబు తడిగా ఉంటే పట్టుకోదు, పొరగా లేచిపోతుంది. ఒకేసారి మందంగా కొడితే లోపల వేడి పుట్టి మాడుతుంది. పలుచటి పొరలుగా, ఒకటి చల్లారాక ఇంకొకటి కొట్టాలి. కొట్టేటప్పుడు లేచే ఐసోసయనేట్ ఆవిరి ఊపిరితిత్తులకు హానికరం. ఆస్తమా ఉన్నవాళ్లు, చిన్నపిల్లలు ఆ రోజూ మర్నాడూ ఇంట్లో ఉండకపోవడం మంచిది. ఎండుగడ్డి రంగులో అందంగా కనిపించే ఈ ఫోమ్‌ను కప్పకుండా వదిలేస్తే ఎండకు ముందు పసుపెక్కి, తర్వాత గోధుమరంగుకు తిరిగి, చివరికి గోటితో గీకితే పొడిగా రాలుతుంది. కాకులు, పావురాలు పొడిచి గుంటలు పెడతాయి. ఫోమ్ కొట్టి, పై పూత వచ్చే నెలలో చూద్దామనే కాంట్రాక్టరు మాటకు తలూపకూడదు.

ఒకప్పుడు ఈ ఫోమ్‌ను పొంగించడానికి ఓజోన్ పొరను దెబ్బతీసే హెచ్‌సీఎఫ్‌సీ 141బి అనే రసాయనం వాడేవారు. మన దేశం దాన్ని 2020 జనవరి 1 నుంచి ఆపేసింది. పఫ్ కొత్తలో ఉన్నంత బలంగా ఎప్పుడూ ఉండదు. గదుల్లోని వాయువు ఏళ్ల మీద కొంచెం కొంచెం బయటికి పోయి గాలి చేరుతుంది కాబట్టి, అమ్మేవాళ్లు చూపించే మొదటి రోజు సంఖ్యలో పదో వంతుకు పైనే తగ్గించి లెక్కేసుకోవడం మేలు.

స్లాబు పైనా, కిందా?

అసలు నిర్ణయం ఇక్కడుంది. ఫోమ్ స్లాబు పైన వేస్తే ఎండ స్లాబును తాకదు. కింద, సీలింగుకు అంటించి పీఓపీతోనో జిప్సం బోర్డుతోనో కప్పేస్తే, స్లాబు మునుపటికన్నా ఎక్కువ కాగుతుంది. కిందికి దిగే దారి మూసుకుపోయింది కాబట్టి వేడంతా అందులోనే నిలుస్తుంది. కాంక్రీటు కాగితే సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. పది మీటర్ల స్లాబు 30 డిగ్రీల తేడాకు దాదాపు మూడు మిల్లీమీటర్లు సాగుతుంది. రోజూ పగలు సాగి, రాత్రి ముడుచుకుని, ఏళ్ల తరబడి అలా కదిలితే ముందు పగిలేది పిట్టగోడ స్లాబును కలిసే చోటు. వానాకాలంలో గోడ పైభాగాన చెమ్మ మరక కనిపించే ఇళ్లలో చాలావాటికి మూలం అక్కడే ఉంటుంది. పైన ఫోమ్ వేస్తే ఆ కదలిక తగ్గుతుంది. కింది పొరలో ఉన్న వాటర్ ప్రూఫింగ్ ఎక్కువ కాలం బతుకుతుంది. కింద వేస్తే, కారడం మొదలైనా సీలింగు దాన్ని దాచేస్తుంది, మరక బయటపడే సరికి లోపల చువ్వలు తుప్పు పట్టి ఉంటాయి.

అయితే అపార్ట్‌మెంటులో పై ఫ్లాటు కొనుక్కున్నవాళ్లకు ఈ స్వేచ్ఛ ఉండదు. టెర్రస్ అందరి ఉమ్మడి ఆస్తి. ఎండ బాధ మాత్రం పై అంతస్తు రెండు మూడు కుటుంబాలది. అసోసియేషన్ మీటింగులో ఈ ప్రస్తావన వస్తే, కింది అంతస్తులవాళ్లు మాకెందుకు ఖర్చు అంటారు. వాళ్లకు చెప్పాల్సిన మాట వేడి గురించి కాదు. ఆ స్లాబు పగిలితే, చువ్వలు తుప్పు పడితే, బిల్డింగు విలువ అందరిదీ పోతుంది. వాటర్ ప్రూఫింగ్ ఎలాగూ కొన్నేళ్లకోసారి చేయించాల్సిందే, అప్పుడే ఫోమ్ కూడా కలిపితే కూలి, మెటీరియల్ మోత ఒక్కసారితో అయిపోతాయి. ఒప్పించలేకపోతే మాత్రం సీలింగు కింద వేయించుకోవడం తప్ప దారి లేదు. దానికీ ఒక మంచి గుణముంది. ఏసీ గది తొందరగా చల్లబడుతుంది, ఎందుకంటే ఏసీ అప్పుడు స్లాబును చల్లార్చే పని పెట్టుకోదు.

సొంత ఇంటి డాబా మీద వరస ఇలా ఉండాలి. స్లాబు మీద నీళ్ల వాటం, దాని మీద వాటర్ ప్రూఫింగ్, అది ఆరాక నీళ్లు కట్టి రెండు రోజులు నిలబెట్టి కారడం లేదని చూసుకోవాలి. ఆ పైన ఎక్స్‌పీఎస్ బోర్డులు, అంచుల్లో మెట్టు కోత ఉన్నవి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కేలా. వాటి మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ, దాని మీద జాలీ వేసి కాంక్రీటు పొర, చివరగా తెల్ల టైల్స్. పై పొర గట్టిగా ఎందుకుండాలంటే, హైదరాబాద్‌లో డాబా ఖాళీగా ఉండదు. సంక్రాంతికి పతంగులెగరేసే పిల్లలు పాతికమంది ఎక్కి గెంతుతారు, వేసవిలో మిరపకాయలు, వడియాలు ఆరేస్తారు, చిన్నపాటి ఫంక్షన్లకు కుర్చీలేస్తారు. వట్టి ఫోమ్ ఒక్క సంక్రాంతికి కూడా ఆగదు. పాత ఇళ్లవాళ్లు బరువు కూడా చూసుకోవాలి. ఇటుక ముక్కలు, సున్నం కలిపి నాలుగంగుళాలు పోసే కోబా అనే పాత పద్ధతిలో చదరపు మీటరుకు రెండు క్వింటాళ్ల దాకా బరువు పడుతుంది. ఎక్స్‌పీఎస్ బరువు రెండు కిలోలు కూడా ఉండదు, పైన కాంక్రీటు పొరతో కలిపినా ఒక క్వింటాలుకు అటూఇటూ. పాత కోబా తవ్వి తీసేసి దీన్ని వేస్తే స్లాబుకు భారం దిగుతుంది.

బోర్డు సాంద్రత తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష చాలు. 1.25 మీటర్లకు 0.6 మీటరు కొలత, 50 మిల్లీమీటర్ల మందమున్న బోర్డును కిరాణా కొట్టు తూకం మీద పెట్టాలి. ఘనపు మీటరుకు 32 కిలోల సరుకైతే 1.2 కిలోలు తూగుతుంది. కిలో కన్నా బాగా తక్కువ తూగితే బిల్లులో రాసింది ఒకటి, వచ్చింది ఒకటి. పఫ్ కొట్టించేవాళ్లు సన్నటి చువ్వతో పదిచోట్ల గుచ్చి మందం చూడాలి. నడుమ 50 ఉండి మూలల్లో 20 ఉండటం తరచూ కనిపించే లోపం. ఎండ దిగేది ఆ మూలల్లోంచే.

రేకుల ఇళ్లు

నిజంగా ఎక్కువ బాధ పడేది స్లాబు ఇళ్లవాళ్లు కాదు. డాబా మీద రేకులేసి కట్టిన ఒంటిగదుల్లో అద్దెకుండే విద్యార్థులు, బస్తీల్లో రేకుల ఇళ్లలో ఉండే కుటుంబాలు. రేకుకు వేడిని దాచుకునే గుణం కూడా లేదు. ఎండ పడిన నిమిషాల్లో లోపల నిప్పుల కొలిమి. వీళ్లకు ఖరీదైన పఫ్ గురించి చెప్పి లాభం లేదు. రేకు పైన తెల్లటి కూల్ పెయింట్, కింద అల్యూమినియం ఫాయిల్ ఉన్న పలుచటి ఫోమ్ షీటు అనే రెండే తక్కువ ఖర్చుతో ఎక్కువ ఊరటనిస్తాయి. ఫాయిల్ విషయంలో ఒక మెలకువ ఉంది. మెరిసే ముఖానికీ దాని ఎదుట ఉన్నదానికీ మధ్య గాలి సందు ఉండాలి. రేకు నుంచి కిందికి ప్రసరించే వేడిని ఫాయిల్ అక్కడే నిలవరిస్తుంది. రేకుకు అంటించి, ఫాయిల్ మీద రంగేసేస్తే దాని గుణం పోయినట్టే. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది కాబట్టి వాటికి చిల్లులు వేయడం, కోయడం, గీకడం వద్దు. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే ఇక బయటికి రాదు. షీటును రేకుకు కాకుండా కింది పైపులకో దూలాలకో కట్టాలి.

తెల్లరంగు సంగతి వచ్చింది కాబట్టి: తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. 600 గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్లకు చల్లని కప్పు తప్పనిసరి, అంతకన్నా చిన్న ఇళ్లకు ఐచ్ఛికం. ఎండను తిప్పికొట్టే రంగు, టైల్స్ ఇందులో ముఖ్యం. ఫోమ్‌కూ దీనికీ పోటీ లేదు. రంగు ఎండను రానివ్వదు, ఫోమ్ వచ్చిన వేడిని దిగనివ్వదు. చేతిలో డబ్బు కొంచెమే ఉంటే ముందు తెల్లరంగు, అందులో సందేహం అక్కర్లేదు. పైగా మన ఊరి దుమ్ముకు రంగు మసకబారుతుంది కాబట్టి ఏటా శివరాత్రి తర్వాత ఒకసారి కడిగితే దాని బలం చాలావరకు తిరిగొస్తుంది.

గోడలకు ఫోమ్ అన్నది హైదరాబాద్ ఇళ్లలో చాలావరకు అనవసరం. పడమటి గోడ ఒక్కటీ సాయంత్రం బాగా కాగుతుంది, దానికి కూడా ఒక చెట్టో, తడకో, సజ్జా పెంచడమో ముందు చూడాలి. కిటికీ అద్దం మీద నేరుగా ఎండ పడుతుంటే గోడలకు ఎంత ఫోమ్ అంటించినా ఫలితం లేదు.

ఇంటి నిండా ఫోమ్ పరిచి కిటికీలు తెరవని వాళ్లకు ఇంకో చిక్కు ఎదురవుతుంది. ఫోమ్ రెండు వైపులా అడ్డే. వంట వేడి, మనుషుల వేడి, ఫ్రిజ్ వేడి ఇవన్నీ రాత్రి కప్పు గుండా బయటికి పోలేవు. దక్కను పీఠభూమి పుణ్యాన ఇక్కడ రాత్రిగాలి కోస్తా కన్నా పొడిగా, చల్లగా ఉంటుంది. ఏసీ లేని ఇంట్లో పొద్దుపోయాక కిటికీలు తెరిచి, తెల్లవారాక ఎండ ముదరకముందే మూసేయాలి. స్లాబు పైన ఫోమ్ ఉన్న ఇంట్లో రాత్రి చల్లబడిన కాంక్రీటు పగలంతా ఆ చల్లదనాన్ని ఇస్తుంది. పాతబస్తీ ఇళ్లలో మందపాటి డంగుసున్నం గోడలు చేసిన పని ఇలాంటిదే.

చిన్న డబ్బా ఫోమ్ గురించి రెండు మాటలు. ఏసీ పైపు కోసం గోడకు వేసిన చిల్లు చుట్టూ, తలుపు చట్రం పక్కన సందుల్లో కొట్టే ఫోమ్ ఇది. గాలిలోని తేమతో గట్టిపడుతుంది కాబట్టి ముందు సందును కాస్త తడపాలి, సగం మాత్రమే నింపి పొంగనివ్వాలి. నిండుగా కొడితే యూపీవీసీ కిటికీ చట్రం లోపలికి వంగి రెక్క జరగదు. బయట మిగిలిన ముక్కను కోసి, సిమెంటో రంగో పూయాలి. అలాగే ఏసీ రాగి గొట్టాలకు తొడిగే నల్ల రబ్బరు ఫోమ్ ఎండకు రెండేళ్లలో పగిలి ఊడిపోతుంది, దానికి టేపు చుట్టించడం వందల రూపాయల్లో అయ్యే పని.

నిప్పు గురించి చెప్పకుండా ఫోమ్ గురించి మాట్లాడటం బాధ్యత కాదు. ఇవన్నీ పెట్రోలియం నుంచి వచ్చినవే. పాలీయురేథేన్ కాలితే కార్బన్ మోనాక్సైడుతో పాటు హైడ్రోజన్ సయనైడ్ వస్తుంది. మంట కన్నా పొగే ముందు ప్రాణం తీస్తుంది. అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో 2003 ఫిబ్రవరిలో ఒక నైట్‌క్లబ్ గోడలకు శబ్దం కోసం అంటించిన ఫోమ్‌కు బాణసంచా నిప్పంటుకుని నిమిషాల్లో వ్యాపించింది, వంద మంది చనిపోయారు. ఇప్పుడు ఇళ్లలో కూడా రికార్డింగు కోసమని, పక్కింటి చప్పుడు వినబడకూడదని అదే రకం నల్లటి గుంటల ఫోమ్ గోడలకు అంటిస్తున్నారు. అది గదిలో ప్రతిధ్వనిని తగ్గిస్తుందే గాని పక్కింటి చప్పుడును ఆపదు, పైగా గోడ నిండా మండే సరుకు వేలాడుతుంది. ఇంట్లో ఫోమ్ ఎక్కడున్నా దాని మీద జిప్సం బోర్డు, ప్లాస్టరు, కాంక్రీటు ఏదో ఒకటి కప్పి ఉండాలి. కరెంటు తీగలు పైపుల్లోంచే పోవాలి, ఫోమ్‌లో నేరుగా పాతకూడదు. ఫోమ్‌లో కప్పబడిన తీగ తన వేడిని తాను వదిలించుకోలేదు. వంటింటి సీలింగుకు వట్టి ఫోమ్ వద్దే వద్దు.

పనికి అనువైన కాలం తక్కువ. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయాక డాబా పొడిగా ఉంటుంది. వాటర్ ప్రూఫింగ్ ఆరాలి, నీటి పరీక్ష కావాలి, కాంక్రీటు పొరకు వారం రోజులన్నా క్యూరింగు కావాలి. ఇవన్నీ కలిపి నెల రోజులు పట్టే పని. మే నెల ఎండలో సీలింగు కాలుతుంటే అప్పుడు మేస్త్రీని పిలిస్తే, జూన్ 8 ప్రాంతంలో చేప మందు రోజున మృగశిర వాన మొదలయ్యేసరికి బోర్డులు తడి స్లాబు మీద కూర్చుంటాయి. మేస్త్రీతో మాట మార్చిలోనే అయిపోవాలి.